వెన్నులో సూది: 100కి 5 అంటే ఎంత?

నొప్పిని కొలవడానికి డాక్టర్లు వాడే గీత ఒకటుంది. ఒక చివర సున్నా, రెండో చివర 100. సున్నా అంటే నొప్పి లేదు, 100 అంటే ఇంతకు మించి నా వల్ల కాదు అని. డిస్క్ జారి నరం నొక్కుకుని, పిర్ర నుంచి పాదం దాకా లాగేస్తున్న మనిషికి వెన్నులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే ఈ గీత మీద నొప్పి ఎంత దిగుతుంది? వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ 2020లో ఈ లెక్క తేల్చింది. మొత్తం 25 ట్రయల్స్, 2,470 మంది రోగులు. ఉత్తుత్తి ఇంజెక్షన్ పడ్డవాళ్ల కంటే స్టెరాయిడ్ పడ్డవాళ్లకు కాలినొప్పి సగటున 4.93 పాయింట్లు ఎక్కువ తగ్గింది. అదీ మొదటి మూడు నెలల్లోపు మాట.

అంటే 100కి 5. ఈమాత్రం దానికా ఆపరేషన్ థియేటర్, సి-ఆర్మ్ ఎక్స్‌రే యంత్రం, అంత బిల్లు అని ఎవరికైనా అనిపిస్తుంది. మరోపక్క, మంచం దిగలేని మనిషి ఆ ఒక్క సూదితో వారంలో లేచి తిరిగాడని చెప్పేవాళ్లు హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ఏ కాలనీలో అడిగినా దొరుకుతారు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. కాక్రేన్ లెక్కలోనూ తప్పు లేదు. రెండూ ఒకేసారి ఎలా నిజమయ్యాయన్నది తెలిస్తే, ఈ ఇంజెక్షన్ ఎవరికి పనికొస్తుందో, ఎవరికి డబ్బు దండగో సగం తేలిపోతుంది.

ముందు ఒక భయం సంగతి. మన ఇళ్లలో వెన్నులో సూది అనగానే సిజేరియన్ గుర్తుకొస్తుంది. "ఆపరేషన్‌కి నడుములో మత్తు ఇచ్చారు, అప్పట్నుంచీ ఈ నడుం నొప్పి వదల్లేదమ్మా" అనే మాట వినని ఇల్లు ఉండదు. సిజేరియన్‌కు సాధారణంగా ఇచ్చేది స్పైనల్ మత్తు. దాని సూది వెన్నుపాము చుట్టూ ఉండే పొరను దాటి లోపలి నీటిలోకి వెళ్తుంది. మనం మాట్లాడుకుంటున్న స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఎపిడ్యూరల్ అనే రకం. దాని సూది ఆ పొర దాకా వెళ్లి, దానికి బయటే ఆగుతుంది. పొరకూ ఎముకకూ మధ్య కొవ్వు, సన్నటి రక్తనాళాలు ఉండే కొద్దిపాటి ఖాళీలో మందు పడుతుంది. కాన్పు నొప్పులు తగ్గించడానికి ఇచ్చే ఎపిడ్యూరల్ మీద జరిగిన ట్రయల్స్‌ను కూడా కాక్రేన్ పరిశీలించింది. తీసుకున్నవాళ్లకూ తీసుకోనివాళ్లకూ దీర్ఘకాలిక నడుంనొప్పిలో తేడా కనిపించలేదు. కాన్పు తర్వాత నడుం నొప్పి నిజమే. బిడ్డను మోయడం, వంగి పాలివ్వడం, నిద్రలేమి, కండరాలు వదులైపోవడం, ఇలా దానికి వేరే కారణాలు బోలెడున్నాయి. నింద మాత్రం సూది మీద పడుతుంది.

ఇక అసలు విషయం. ఈ వైద్యం నిన్న మొన్నటిది కాదు. 1901లోనే పారిస్‌లో సికార్, కాథలాఁ అనే ఇద్దరు డాక్టర్లు ఎవరికి వారు తోకఎముక దగ్గరి రంధ్రం గుండా ఎపిడ్యూరల్ ఖాళీలోకి మందు పంపారు. అప్పటి మందు కొకైన్. డిస్క్ జారడం వల్ల కాల్లోకి నొప్పి దిగుతుందని అప్పటికింకా ఎవరికీ స్పష్టంగా తెలియదు. 1934లో అమెరికన్ సర్జన్లు మిక్స్‌టర్, బార్ ఆ సంగతి రుజువు చేశారు. కార్టిసోన్ అనే స్టెరాయిడ్‌ను కనిపెట్టినందుకు 1950లో నోబెల్ వచ్చింది, 1952లో ఇటలీ డాక్టర్లు హైడ్రోకార్టిసోన్‌ను నరం పక్కన వేసి చూశారు. ఇప్పుడు జరుగుతున్నది దానికి కొనసాగింపే.

స్టెరాయిడ్ ఎందుకు? జారిన డిస్క్ నరాన్ని నొక్కడం ఒక్కటే నొప్పికి కారణం కాదు. డిస్క్ లోపలి జిగురు పదార్థం బయటికొచ్చి నరానికి తగిలితే అక్కడ వాపు మొదలవుతుంది. నొప్పి పుట్టించే రసాయనాలు ఊరుతాయి. చిన్న డిస్క్‌తో పెద్ద నొప్పి, పెద్ద డిస్క్‌తో చిన్న నొప్పి ఉండటానికి కారణాల్లో ఇదొకటి. స్టెరాయిడ్ ఆ వాపును అణుస్తుంది. అంతకు మించి అది చేసేదేమీ లేదు. జారిన డిస్క్‌ను వెనక్కి నెట్టదు, అరిగిన కీలును అతకదు, ఇరుకైన కాలువను వెడల్పు చేయదు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే కింద వచ్చే అంకెలన్నీ సులువుగా అర్థమవుతాయి.

సగటు దాచేసే సంగతి

పది మందికి ఇంజెక్షన్ ఇచ్చారనుకుందాం. ఇద్దరికి 25 పాయింట్ల చొప్పున తగ్గింది, ఎనిమిది మందికి ఏమీ తగ్గలేదు. సగటు 5. పది మందికీ తలా 5 పాయింట్లు తగ్గినా సగటు 5 దగ్గరే ఉంటుంది. మొదటి పద్ధతిలో ఇద్దరికి పండగ, రెండో పద్ధతిలో ఎవరికీ తేడా తెలియదు. సగటు ఒక్కటే చూస్తే ఏది జరిగిందో చెప్పలేం. అందుకే ఎంత మందికి సగానికి సగం తగ్గింది అని అడగాలి.

ఆ ప్రశ్న అడిగిన ట్రయల్ ఆస్ట్రేలియాలో జరిగింది, 2010లో అచ్చయింది. డిస్క్ వల్ల కాలినొప్పితో బాధపడుతున్న 150 మందిని ఐదు గుంపులు చేశారు. నరం బయటికొచ్చే సందులోకి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ, ఒక గుంపుకు స్టెరాయిడ్, ఒక గుంపుకు వట్టి మత్తుమందు, ఒక గుంపుకు ఉప్పునీరు వేశారు. మిగతా రెండు గుంపులకు స్టెరాయిడో ఉప్పునీరో కండలో పొడిచారు. నెల తర్వాత నొప్పి సగం కన్నా ఎక్కువ తగ్గినవాళ్లు మొదటి గుంపులో 54 శాతం. మిగిలిన నాలుగు గుంపుల్లో 7 నుంచి 21 శాతం మధ్యే. అదే స్టెరాయిడ్‌ను కండలో వేస్తే 21 శాతం, నరం పక్కన వేస్తే 54 శాతం అన్న తేడా గమనించండి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర తుంటికి వేయించుకునే డెక్సా సూదికీ దీనికీ పేరులో స్టెరాయిడ్ ఉమ్మడి, పనిలో కాదు.

అయితే ఏడాది తిరిగేసరికి ఆ 54 శాతంలో చాలామందికి ఆ ఉపశమనం నిలవలేదు. ఈ రంగంలో చాలా అధ్యయనాల్లో ఇదే తీరు. వారాల్లో బాగుంటుంది, నెలల్లో సన్నగిల్లుతుంది, ఏడాదికి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లూ తీసుకోనివాళ్లూ ఒకే చోటికి వస్తారు. ఇందులో మందు వైఫల్యం ఎంతో, తీసుకోనివాళ్లు కూడా వాళ్లంతట వాళ్లే బాగుపడటం అంతే ఉంది. ఆ రెండో సంగతి మనకు ఎవరూ చెప్పరు.

నెదర్లాండ్స్‌లో తీవ్రమైన సయాటికా, అంటే కాల్లోకి దిగే నరం నొప్పి, ఉన్న 283 మంది రోగుల మీద జరిగిన ట్రయల్ 2007లో వచ్చింది. సగం మందికి త్వరగా ఆపరేషన్, సగం మందికి ఆగి చూడటం. ఆగి చూసినవాళ్లలో 39 శాతం తర్వాత ఎప్పుడో ఆపరేషన్ చేయించుకున్నారు, మిగతావాళ్లకు ఆ అవసరమే రాలేదు. ఏడాది చివర రెండు గుంపుల్లోనూ 95 శాతం మంది కోలుకున్నారు. ముందే ఆపరేషన్ అయినవాళ్లకు నొప్పి తొందరగా తగ్గింది, అంతే.

జారిన డిస్క్ కరిగిపోతుందంటే చాలామంది నమ్మరు. 2015లో వచ్చిన ఒక విశ్లేషణ ప్రకారం పూర్తిగా తెగి విడిపోయిన డిస్క్ ముక్కల్లో 96 శాతం, బాగా బయటికి చొచ్చుకొచ్చినవాటిలో 70 శాతం వాటంతటవే కుంచించుకున్నాయి. కొంచెం ముందుకు పొడుచుకొచ్చినవాటిలో ఇది 41 శాతం, వట్టి ఉబ్బులో 13 శాతం మాత్రమే. తెగిపడిన ముక్కను ఒళ్లు పరాయి వస్తువుగా గుర్తించి తినేస్తుంది. ఎంఆర్‌ఐ రిపోర్టులో ఎంత భయంకరమైన మాట ఉంటే కరిగే అవకాశం అంత ఎక్కువ ఉందన్నమాట.

కాబట్టి ఈ సూది అమ్మే సరుకు కాలం. డిస్క్ తనంతట తాను సర్దుకోవడానికి కొన్ని నెలలు పడుతుంది. ఆ నెలల్లో నిద్ర లేక, కూర్చోలేక, ఉద్యోగం చేయలేక నలిగిపోయే మనిషికి ఆరు వారాలు హాయిగా గడిచినా పెద్ద మేలే. ఆపరేషన్ తప్పించుకోవడంలో కూడా ఇది కొంత పనికొచ్చింది. 2000లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనంలో ఆపరేషన్‌కు సిద్ధపడ్డ 55 మందికి నరం దగ్గర ఇంజెక్షన్లు ఇచ్చారు. స్టెరాయిడ్ కలిపిన మందు పడ్డ 28 మందిలో 20 మంది ఆపరేషన్ వద్దనుకున్నారు. వట్టి మత్తుమందు పడ్డ 27 మందిలో అలా అనుకున్నది 9 మంది. బ్రిటన్‌లో 163 మందికి సూదినీ ఆపరేషన్‌నీ నేరుగా పోటీ పెట్టి చూశారు, 2021లో ఫలితాలు వచ్చాయి. 18 వారాలకు నడవడం, కూర్చోవడం, నిద్ర లాంటి రోజువారీ ఇబ్బందుల స్కోరు సూది గుంపులో 24.5 పాయింట్లు, ఆపరేషన్ గుంపులో 26.7 పాయింట్లు తగ్గింది. గణాంకాల లెక్కన ఇది తేడా కిందికి రాదు. తీవ్రమైన దుష్ఫలితాలు ఆపరేషన్ గుంపులో నాలుగు, సూది గుంపులో సున్నా. ముందు సూదితో ప్రయత్నించి, కుదరకపోతే ఆపరేషన్ సంగతి చూద్దామనే డాక్టర్ల మాటకు బలం ఇక్కడిదే.

నొప్పి నడుములోనా, కాల్లోనా?

ఇప్పటిదాకా చెప్పినదంతా కాల్లోకి దిగే నొప్పి గురించి. నడుము దగ్గరే ఉండిపోయే నొప్పికి ఈ అంకెలు వర్తించవు. ఒకే రకం ఇంజెక్షన్‌తో ఒకరు లేచి తిరగడం, ఇంకొకరు డబ్బులు పోగొట్టుకోవడం తరచుగా ఇక్కడే జరుగుతుంది. బ్రిటన్ వైద్య మార్గదర్శకాల సంస్థ నైస్ 2016లో గీత గీసి చెప్పింది: తీవ్రంగా, కొత్తగా వచ్చిన సయాటికాకు ఎపిడ్యూరల్ ఆలోచించవచ్చు. వెన్నుకాలువ ఇరుకై, నాలుగు అడుగులు వేస్తే కాళ్లు బరువెక్కి కూలబడాల్సి వచ్చేవాళ్లకు వద్దు.

ఆ రెండో రకం మన పెద్దవాళ్లలో బాగా ఎక్కువ. అరవై దాటాక కాలువ చుట్టూ ఎముకలు పెరిగి ఇరుకవుతుంది. మార్కెట్‌కి వెళ్తూ ప్రతి అరుగు దగ్గరా ఆగుతారు, ముందుకు వంగితే ఉపశమనం, సైకిల్ తొక్కమంటే హాయిగా తొక్కేస్తారు. ఇలాంటి 400 మంది మీద అమెరికాలో 16 కేంద్రాల్లో జరిగిన ట్రయల్ 2014లో వచ్చింది. సగం మందికి స్టెరాయిడ్‌తో పాటు మత్తుమందు, సగం మందికి మత్తుమందు ఒక్కటే. ఆరు వారాలకు రెండు గుంపులూ కొంత బాగుపడ్డాయి. గుంపుల మధ్య తేడా 24 పాయింట్ల ఇబ్బంది స్కేలు మీద 1 పాయింట్, పదికి కొలిచే కాలినొప్పిలో 0.2. స్టెరాయిడ్ వల్ల చెప్పుకోదగ్గ లాభం లేదని తేలింది. ఎముక నొక్కుతున్నప్పుడు వాపు తగ్గించే మందు ఏం చేస్తుంది?

నిపుణులు కూడా ఒక్క మాట మీద లేరు. 2025 ఫిబ్రవరిలోనే రెండు వేర్వేరు తీర్పులు వెలువడ్డాయి. బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అంతర్జాతీయ నిపుణుల బృందం, మూడు నెలలు దాటిన దీర్ఘకాలిక వెన్నునొప్పికి ఎపిడ్యూరల్‌తో సహా సూదితో చేసే చికిత్సలు వద్దని గట్టిగా చెప్పింది. అందులో కాల్లోకి దిగే నొప్పి కూడా ఉంది. అదే నెలలో అమెరికన్ నాడీ వైద్యుల అకాడమీ 90 అధ్యయనాలు చూసి, నరం నొక్కుకున్నవాళ్లలో మూడు నెలల దాకా నొప్పి తగ్గినవాళ్లు 24 శాతం ఎక్కువ ఉన్నారని, ఇరుకు కాలువ ఉన్నవాళ్లకు మాత్రం ఈ తొలి నెలల్లో నొప్పి తగ్గిన దాఖలా లేదని లెక్క చెప్పింది. పెయిన్ స్పెషలిస్టుల సంఘాలు మొదటి తీర్పు మీద విరుచుకుపడ్డాయి. వాళ్ల బతుకుదెరువు అదే కాబట్టి అని కొట్టిపారేయనక్కర్లేదు. సగటులో కలిసిపోయిన 'బాగా పనిచేసినవాళ్లు' నిజంగా ఉన్నారన్నది వాళ్ల వాదన, అందులో పస ఉంది. కానీ మూడు నాలుగేళ్లుగా నడుం నొప్పి ఉన్న మనిషికి ఏటా సూదులు వేస్తూ పోవడానికి ఏ అధ్యయనమూ అండగా నిలబడదన్నది నా అభిప్రాయం.

ఎంఆర్‌ఐ చూసి సూది వేయించుకోవాలనుకునేవాళ్లకు ఇంకో లెక్క. ఏ నొప్పీ లేని 3,110 మంది స్కానింగులను 2015లో కలిపి చూశారు. ఇరవై ఏళ్ల వయసులోనే 37 శాతం మందికి డిస్క్ అరుగుదల, 30 శాతం మందికి ఉబ్బు. యాభై ఏళ్లకు అరుగుదల 80 శాతం, ఉబ్బు 60 శాతం. నొప్పి లేనివాళ్లలో సంగతి ఇది! రిపోర్టులో ఎల్4-ఎల్5 వెన్నుపూసల దగ్గర ఉబ్బు అని రాసి ఉండటం నెరిసిన జుట్టు లాంటిది, చాలామందికి వయసుతో వచ్చే మార్పు. కాల్లో నొప్పి దిగే దారి, మొద్దుబారిన చోటు, స్కానింగులో నొక్కుకున్న నరం, ఈ మూడూ ఒకే నరాన్ని చూపిస్తేనే ఆ రిపోర్టుకు విలువ. కాలి బొటనవేలు పైకి లేపలేకపోతుంటే ఎల్5 నరం, మడమ ఎత్తి నిలబడలేకపోతుంటే ఎస్1 నరం అని డాక్టర్ అనుమానిస్తారు. మంచం మీద పడుకోబెట్టి కాలు ఎత్తి చూడకుండా, ఫిల్మ్‌ను లైటుకు పెట్టి చూసి తేదీ రాసిచ్చే చోట కొంచెం ఆగండి.

థియేటర్‌లో జరిగేది

పేషెంట్‌ను బోర్లా పడుకోబెడతారు. నడుము వంపు సర్దుకోవడానికి పొట్ట కింద దిండు పెడతారు. నడుం మీద బెటాడిన్ చల్లగా తగులుతుంది. చర్మం మొద్దుబారడానికి వేసే లిగ్నోకెయిన్ చురుక్కుమని మండుతుంది. చాలామందికి మొత్తం ప్రక్రియలో గుర్తుండే నొప్పి అదే. తర్వాత పొడవాటి సూది. పక్కన సి-ఆర్మ్ తిరుగుతూ తెర మీద వెన్నుపూసల నీడలు చూపిస్తుంది. సూది మొన సరైన చోటు చేరిందనుకున్నాక ఎక్స్‌రేలో కనిపించే డై కొద్దిగా వదులుతారు. ఆ నల్లటి చార నరం వెంట పాకుతూ కనిపిస్తే సరే, చుక్కలా చెదిరి మాయమైతే రక్తనాళంలో పడినట్టు, సూది మార్చాలి. మందు ఎక్కేటప్పుడు కాల్లోకి అలవాటైన నొప్పే ఒకసారి కొట్టినట్టవుతుంది. మొత్తం పావుగంట నుంచి అరగంట. ఒకటి రెండు గంటలు ఉంచి ఇంటికి పంపుతారు.

ఈ తెర, ఈ డై ఖర్చు కోసం పెట్టినవి కావు. తెర లేకుండా చేత్తో తడిమి వేసే రోజుల్లోనే, 1980లో, ఒక పరిశీలన జరిగింది. తోకఎముక దగ్గర వేసినవాటిలో 25 శాతం, నడుములో వేసినవాటిలో 30 శాతం సూదులు చేరాల్సిన చోటికి చేరనే లేదు. అనుభవం ఉన్న చేతులే అవి. తెర లేకుండా వేస్తామంటే, ధర తక్కువైనా, మరో చోటు చూసుకోవడమే మంచిది.

మొదటి రోజు నొప్పి మాయమై రెండో రోజు తిరిగొస్తే కంగారు పడనక్కర్లేదు. మొదటి కొన్ని గంటల హాయి మత్తుమందుది. స్టెరాయిడ్ పని మొదలవడానికి రెండు రోజుల నుంచి వారం పడుతుంది.

మందు ఎంత, ముప్పు ఎంత

ఒకసారికి వేసేది సాధారణంగా 40 నుంచి 80 మిల్లీగ్రాముల మిథైల్‌ప్రెడ్నిసోలోన్, లేదా 40 మిల్లీగ్రాముల వరకు ట్రయామ్‌సినోలోన్, లేదా 10 మిల్లీగ్రాముల లోపు డెక్సామెథసోన్. చిన్న అంకెల్లా కనిపిస్తాయి. మన ఒంట్లో అడ్రినల్ గ్రంథులు రోజుకు తయారుచేసే స్టెరాయిడ్ పాఠ్యపుస్తకాల లెక్కన సుమారు 20 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్‌కు సమానం, ఈమధ్య కొలతలు ఇంకా తక్కువే అంటున్నాయి. 4 మిల్లీగ్రాముల మిథైల్‌ప్రెడ్నిసోలోన్ దానికి సరితూగుతుంది. అంటే 80 మిల్లీగ్రాముల సూది ఇరవై రోజుల సొంత స్టెరాయిడ్‌కు సమానం. ఒక్కసారే, ఒక్క చోటే. ఆ తర్వాత గ్రంథులు కొన్నాళ్లు మందగించడంలో ఆశ్చర్యం లేదు. పైన చెప్పిన 400 మంది ట్రయల్‌లో మూడు వారాలకు కూడా స్టెరాయిడ్ గుంపులో ఐదో వంతు మందికి ఒంటి సొంత స్టెరాయిడ్ అయిన కార్టిసాల్ పొద్దుటి కొలత సగానికో అంతకన్నా కిందికో పడిపోయే ఉంది.

మన దగ్గర ముందుగా చూడాల్సింది షుగర్. భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని చెప్పింది. మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. డయాబెటిస్ ఉన్నవాళ్లకు ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ వేసి రక్తం కొలిచిన ఒక చిన్న అధ్యయనంలో సగటు గ్లూకోజు 160 నుంచి 286కు ఎగబాకి, రెండు రోజుల్లో దిగొచ్చింది. కొందరికి వారం కూడా పడుతుంది. ఇన్సులిన్ వాడేవాళ్లు ఆ వారమంతా ఇంట్లో మీటర్‌తో చూసుకోవాలి, మోతాదు గురించి ముందే మాట్లాడుకోవాలి. షుగర్ అప్పటికే అదుపులో లేకపోతే సూది వాయిదా వేయడమే మేలు.

గుండెకు స్టెంట్ పడి, రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ లాంటి మాత్రలు వాడుతున్నవాళ్ల సంగతి ఇంకా సున్నితం. ఎపిడ్యూరల్ ఖాళీలో రక్తస్రావం అయితే అది గడ్డకట్టి వెన్నుపామును నొక్కేస్తుంది. సూదికి ముందు ఈ మాత్రలు సాధారణంగా వారం దాకా ఆపిస్తారు, కానీ స్టెంట్ కొత్తదైతే ఆపడమే ప్రాణాపాయం. గుండె డాక్టర్‌ను అడగకుండా ఎవరూ సొంతంగా ఆపకూడదు.

టీబీ గురించి కూడా చెప్పాలి. ప్రపంచంలో టీబీ రోగుల్లో నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. ఎముకలకు వచ్చే టీబీలో దాదాపు సగం వెన్నుపూసలదే. రాత్రిళ్లు ఎక్కువయ్యే నడుంనొప్పి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే ముందు ఆ దారిలో పరీక్షలు జరగాలి. ఇన్ఫెక్షన్ ఉన్న చోట స్టెరాయిడ్ పడితే నిప్పులో నెయ్యే.

సూది వల్ల వచ్చే చిన్న ఇబ్బందులు మామూలే: ముఖం ఎర్రబడటం, రెండు రాత్రులు నిద్ర పట్టకపోవడం, పొర చిల్లుపడితే లేచి కూర్చోగానే వచ్చే తలనొప్పి. చివరిది వందలో ఒకరికి కూడా ఉండదు. పెద్ద ప్రమాదాలు చాలా అరుదు, కానీ వస్తే తిరుగులేనివి. 2014 ఏప్రిల్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది: చూపు పోవడం, పక్షవాతం, మరణం సంభవించాయని, అసలు ఎపిడ్యూరల్ వాడకానికి స్టెరాయిడ్లను తాము ఆమోదించనే లేదని. కారణాల్లో ఒకటి మందు రేణువులు. మిథైల్‌ప్రెడ్నిసోలోన్, ట్రయామ్‌సినోలోన్ పాలలా తెల్లగా, కంటికి కనిపించని రేణువులతో ఉంటాయి. వెన్నుపాముకు రక్తమిచ్చే సన్నటి ధమనిలోకి పొరపాటున వెళ్తే అవి దారి మూసేస్తాయి. డెక్సామెథసోన్ నీళ్లలా తేటగా ఉంటుంది. అందుకే మెడలో నరం సందులోకి వేసేటప్పుడు రేణువుల మందు అసలు వాడకూడదని, నడుములో కూడా మొదటిసారి డెక్సానే వాడాలని 2015లో నిపుణుల బృందం తేల్చింది. మెడకు సూది అంటే ఇంకో రెండు ప్రశ్నలు ఎక్కువ అడగండి.

2012లో అమెరికాలో జరిగినది మందు వల్ల కాదు, మురికి వల్ల. మసాచుసెట్స్‌లోని ఒక మందుల తయారీ కేంద్రం నుంచి వచ్చిన మిథైల్‌ప్రెడ్నిసోలోన్ సీసాల్లో బూజు చేరింది. వెన్నులో, కీళ్లలో ఆ మందు పడ్డవాళ్లు 13,000 మందికి పైనే. 20 రాష్ట్రాల్లో 753 మంది జబ్బు పడ్డారు, చాలామందికి మెదడు పొరల వాపు. 64 మంది చనిపోయారు. వాళ్లు నడుం నొప్పికో కీళ్ల నొప్పికో వెళ్లినవాళ్లు. సీసా మీద కంపెనీ, బ్యాచ్, గడువు తేదీ చూడమని అడగడం చాదస్తం కాదని ఆ 64 మంది లెక్క చెబుతుంది.

ఎన్నిసార్లు?

'మూడు సూదుల కోర్సు' అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. ఫలితం చూడకుండా ముందే మూడింటికి డబ్బు కట్టించుకునే ఆ పద్ధతికి ఆధారం లేదు. అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ ఒక్కో వెన్ను భాగానికి 12 నెలల్లో నాలుగుకు మించి డబ్బు ఇవ్వదు, అదీ మొదటిది పనిచేసినట్టు రుజువు ఉంటేనే. ప్రతి అదనపు సూదితో వెన్నుపూస విరిగే ముప్పు 21 శాతం చొప్పున పెరిగిందని 2013 అధ్యయనం ఒకటి చెప్పింది. నెలసరి ఆగిన స్త్రీలు ఈ అంకెను మర్చిపోకూడదు. ఒకటి వేసి చూసి, సగం కూడా తగ్గకపోతే రెండోదానికి ముందు రోగనిర్ధారణ మళ్లీ మొదటి నుంచి చూడాలి.

కాలు అకస్మాత్తుగా చచ్చుబడినా, మూత్రం ఆగిపోయినా, మలమూత్ర మార్గాల చుట్టూ స్పర్శ తెలియకపోయినా ఈ వ్యాసంలో చెప్పినవేవీ వర్తించవు. అది అత్యవసర ఆపరేషన్ వ్యవహారం, ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లాలి. సూది తర్వాత జ్వరం, తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకోవడం వచ్చినా అంతే.

ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్లు ఒక పని తప్పక చేయండి. డిశ్చార్జి కాగితం మీద 'ఎపిడ్యూరల్ ఇచ్చాం' అని రాస్తే సరిపోదు. ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ దారిలో, ఏ నరం దగ్గర, ఏ తేదీన అన్నది రాయించుకుని ఫైల్లో పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత ఇంకో డాక్టర్ మోకాలికో భుజానికో మరో స్టెరాయిడ్ వేస్తానన్నప్పుడు, ముందు చూపించాల్సిన కాగితం అదే.